అత్త చేపలకు నచ్చిన పిల్ల

"బఠాణి గారూ! బఠాణి గారంటే ఎవరండీ? లోపలికి రండి!"

రిసెప్షనిస్టు గొంతెత్తి పిలిచేసరికి, బెంచీ మీద వరసగా కూర్చున్న పంటి నొప్పులన్నీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. దవడ పట్టుకుని మూలుగుతున్న పెద్దాయన కూడా కాసేపు మూలగడం మానేసి, ఈ బఠాణి ఎవరా అని తల తిప్పాడు.

మూల నుంచి ఓ యువకుడు లేచాడు. వానలో తడిసి ముద్దయ్యాడు. చేతుల్లో ఓ ప్లాస్టిక్ డబ్బా, దాని మీద రుమాలు. నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తుకున్నట్టు డబ్బాని గుండెలకి ఆనించుకుని, అడుగులో అడుగేసుకుంటూ లోపలికి వెళ్ళాడు.

పళ్ళ డాక్టరమ్మ గ్లవ్స్ తొడుక్కుంటూ తలెత్తకుండానే అడిగింది. "కూర్చోండి. పై పన్నా, కింది పన్నా?"

"రెండూనండీ. కానీ నావి కావు."

"మరెవరివి?"

అతను రుమాలు తీశాడు. డబ్బాలో నీళ్ళు. నీళ్ళలో బొటనవేలి గోరంత చేప. పసుపు కలిసిన ఆకుపచ్చ ఒంటి మీద నల్లమచ్చలు, బొద్దుగా తెల్లటి పొట్ట. ఈదడం లేదు, మునగడం లేదు, ఉన్నచోటే నీళ్ళలో నిలబడి ఉంది. ఒక కన్ను డాక్టరమ్మ వైపు తిరిగింది. రెండో కన్ను మాత్రం గోడ మీద లైటుని చూస్తూనే ఉంది.

డాక్టరమ్మకి అసలే ముక్కు మీద కోపం. "ఇది పళ్ళ ఆసుపత్రి. బయట బోర్డు చూడలేదా?"

"రోజూ చూస్తున్నానండీ. ఎదురు షాపు నాదే. కళ్ళద్దాల షాపు. మీ బోర్డు మీది పళ్ళు మా అద్దాలన్నిటిలోనూ కనిపిస్తున్నాయి. ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకున్న ప్రతివాడూ ఉలిక్కిపడుతున్నాడు."

"ఓహో! బోర్డు తీసేయమని నెలకోసారి కబురు పంపేది మీరేనా?"

"తీసేయమనలేదండీ. కొంచెం నోరు మూయమన్నాను. అంటే... బోర్డుని." అతను నాలుక కరుచుకున్నాడు.

రిసెప్షనిస్టు తలుపు వెనక కిసుక్కున నవ్వింది. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. బయటికి దారి చూపించడానికి చెయ్యి ఎత్తింది కూడా. అప్పుడే అతను గబగబా చెప్పాడు.

"దీని పేరే బఠాణి. పఫర్ చేప. పొట్టి జాతి. ఇంతకంటే పెరగదు. పళ్ళు మాత్రం బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. నత్తగుల్లలు కొరుకుతుంటే అరుగుతాయి. మా అత్త ఉన్నప్పుడు రోజూ నత్తలు వేసేది. ఆవిడ పోయాక నేను మెత్తటి పురుగులు వేశాను. ఇప్పుడు పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి నోరు తెరుచుకోవడం లేదు. కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళితే నవ్వి పంపించాడు. ఇది తినడం మానేసిందండీ."

డాక్టరమ్మకి ఎంత కోపం ఉన్నా ఒక బలహీనత ఉంది. నోరు నొప్పితో వచ్చినవాళ్ళని ఆవిడ తిప్పి పంపలేదు. మనిషి నోరా, చేప నోరా అన్నది తర్వాతి సంగతి.

"బయట పెద్దాయన అయ్యాక చూస్తాను. నాకు చేపలకి మత్తివ్వడం రాదు."

"లవంగ నూనె చాలునటండీ. నీళ్ళలో ఒక్క చుక్క."

లవంగ నూనె పళ్ళ డాక్టరు దగ్గర లేకపోతే ఇంకెక్కడుంటుంది! పెద్దాయన పన్ను పీకి పంపించాక, ఆవిడ చిన్న గిన్నెలో నీళ్ళు పోసి చుక్క కలిపింది. చేప నెమ్మదిగా పక్కకి ఒరిగింది. తడి దూది మీదకి తీసుకుని, పళ్ళకి కట్టే తీగలు కత్తిరించే అతి సన్నటి కత్తెరతో, ఊపిరి బిగబట్టి టిక్కుమని కత్తిరించింది. వెంటనే మంచినీళ్ళ డబ్బాలోకి వదిలింది.

"ఈ వాసన వస్తుంటే మా ఇంట్లో ఉన్నట్టుందండీ," అన్నాడతను మెల్లగా.

ఫీజు తగ్గించుకోవడానికి వేసే ఎత్తు అనుకుంది డాక్టరమ్మ.

చేప మొప్పలు కదిలాయి. అది లేచి నిలబడింది. తిన్నగా డాక్టరమ్మ ఉన్న వైపుకి వచ్చి డబ్బా గోడకి ఆనుకుంది. ఇంతసేపూ చెరో దిక్కుకీ తిరిగిన రెండు కళ్ళూ ఇప్పుడు ఒకేసారి ఆవిడ మొహం మీద ఆగాయి.

కళ్ళద్దాలబ్బాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇది కొత్తవాళ్ళకి మొహం చూపించదండీ. ఎప్పుడూ చూపించలేదు."

"మత్తు దిగలేదు పాపం," అంది డాక్టరమ్మ. అంది గానీ, ఆ రెండు కళ్ళ ముందు ఆవిడకి ఎందుకో చున్నీ సర్దుకోవాలనిపించింది.

* * *

మిగతా చేపల నోళ్ళు కూడా ఒకసారి చూడమని బతిమాలితే, మర్నాడు సాయంత్రం వెళ్ళింది. వాళ్ళ ఇల్లు షాపు పైనే. చెక్క మెట్లెక్కి పైకి రాగానే ఒకటే పొడవాటి గది. ఎండ పడితే తొట్టికి పాచి పడుతుందని కిటికీలకి మందపాటి తెరలు. ఆ చీకట్లో గోడ పొడవునా అక్వేరియం ఒక్కటే వెలుగుతోంది. నీళ్ళ నిండా దట్టంగా మొక్కలు. గదిలో మంచం, బల్ల, మనిషి మొహం, అన్నీ అదే ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. ఫిల్టరు చప్పుడు ఎవరో పక్కగదిలో గుసగుసలాడుతున్నట్టుంది. పక్కగది మాత్రం లేదు.

తొట్టికి ఎదురుగా ఓ పేము కుర్చీ. కూర్చుని కూర్చుని మధ్యలో గుంటపడి ఉంది. మెట్లెక్కి వచ్చిన ఆయాసంలో డాక్టరమ్మ దాని వైపు అడుగు వేసింది.

"అందులో వద్దండీ!" అతను దాదాపు అరిచినంత పని చేశాడు. వెంటనే సర్దుకుని బల్ల దగ్గరి స్టూలు లాగాడు. "ఇందులో కూర్చోండి. అది... కొంచెం విరిగింది."

కుర్చీ ఎక్కడా విరగలేదు. అది డాక్టరమ్మకీ కనిపించింది, అబద్ధం ఆవిడకి కనిపించిందని అతనికీ తెలిసింది.

"సరే, మీ చేపలేవి?"

"ఉన్నాయండీ. కనపడవు. మోటారు బాగుచెయ్యడానికి వచ్చినాయన, ఖాళీ తొట్టికి ఇన్ని మొక్కలెందుకని అడిగి వెళ్ళాడు. మీరు కాసేపు కదలకుండా ఉంటే, అదృష్టం బాగుంటే, ఒక తోక..."

అతని మాట పూర్తి కాలేదు. నీళ్ళ వెచ్చదనం చూద్దామని డాక్టరమ్మ అప్పటికే వేలు ముంచింది. ఒక ఆకు కదిలింది. దాని వెనక నుంచి బఠాణి వచ్చింది. రాయి చాటు నుంచి ఇంకొకటి. మొక్కల వేళ్ళ మధ్య నుంచి మరొకటి. తొందర లేదు, తోపులాట లేదు. అన్నీ వచ్చి అద్దం వెనక వరసగా నిలబడి ఆవిడ మొహంలోకి చూశాయి.

డాక్టరమ్మకి ఒళ్ళు జలదరించింది. ఎన్నో ఇంటర్వ్యూలకి వెళ్ళింది, ఎందరో ప్రొఫెసర్ల ముందు నిలబడింది. ఎవరూ ఇంత శ్రద్ధగా చూడలేదు.

"ఏం కావాలట వీటికి?" అంది నవ్వడానికి ప్రయత్నిస్తూ.

తిరిగి చూస్తే కళ్ళద్దాలబ్బాయి ఆవిడ వైపు చూడటం లేదు. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, "అత్తా..." అని గొణిగాడు.

ఇంకొకరైతే అక్కడినుంచే మెట్లు దిగి పారిపోయేవాళ్ళు. మన డాక్టరమ్మ తలకి లైటు కట్టుకుని, ఒక్కొక్క నోరూ పరీక్ష చేసింది. అన్నీ చూసి తేల్చి చెప్పింది. "కత్తెర అక్కర్లేదు. నత్తలు వెయ్యండి. రోజూ."

అతను నీళ్ళు నమిలాడు. "నా వల్ల కాదండీ. అవి కొమ్ముల్లాంటి కళ్ళు బయటపెట్టి చూస్తాయి. వెయ్యబోయేసరికి చెయ్యి రాదు. అందుకేగా ఇంతదాకా వచ్చింది."

"కళ్ళద్దాలు అమ్మేవాడికి నత్త కళ్ళంటే జాలా?"

"పళ్ళు పీకేవాళ్ళకి లేదనుకుంటా. మీరు వేస్తారా?"

వెటకారంగా అన్నాడో, నిజంగానే అడిగాడో ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే నోరు జారి "సరే" అనేసింది.

* * *

అలా మొదలైంది. క్లినిక్ మూసి, రోడ్డు దాటి, చెక్క మెట్లెక్కి నత్తలు వెయ్యడం డాక్టరమ్మ దినచర్యలో చేరిపోయింది. ఆవిడ సీసా వంచుతుంటే అతను గోడవైపు తిరిగి నిలబడి, "అయిపోయిందా? అయిపోయిందా?" అని అడిగేవాడు. కాకపోయినా ఆవిడ "అయిపోయింది" అనేది. అతను తిరిగి చూసి కెవ్వుమనేవాడు. ఆవిడ కడుపుబ్బ నవ్వేది.

"మీకు పాపం తగులుతుంది డాక్టర్ గారూ."

"తగలనివ్వండి. పళ్ళు బాగుంటే చాలు."

ఓ రోజు ఆవిడకి తలనొప్పిగా ఉందంటే, అతను కిందికి తీసుకెళ్ళి కళ్ళు పరీక్ష చేశాడు. అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ, "ఇప్పుడు బాగుందా? ఇదా, ముందుదా?" అని దగ్గరగా వంగి అడుగుతుంటే, ఆవిడకి అక్షరాలు ఏవీ కనపడలేదు. అద్దాల తప్పు కాదది. ఆవిడ మనసు అప్పటికే అతని మీదికి వెళ్ళిపోయింది, ఆ సంగతి ఆవిడకి ఆ కుర్చీలోనే తెలిసింది.

కానీ పై గది మాత్రం ఎన్నిసార్లు వెళ్ళినా ఆవిడకి అలవాటు కాలేదు.

ఖాళీ అయిన నత్తగుల్లలు తొట్టి అంతా పడి ఉండాలి కదా? ఉండేవి కావు. అన్నీ ఒకే మూలకి చేరేవి. పేము కుర్చీ వైపున్న మూలకి. నీటి వాలు అటే ఉంది అనేవాడతను. ఒక్కోసారి కుర్చీ కిర్రుమనేది. పేము చల్లబడితే అంతేనండీ అనేవాడు. అంటూనే అటు చూడకుండా ఉండేవాడు.

ఒక సాయంత్రం వాన మొదలైంది. డాక్టరమ్మ నత్తలు వేస్తోంది. చేపలన్నీ ఆవిడ చేతి చుట్టూ మూగాయి. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నోటి దగ్గర నత్త ఉంది, బఠాణి దాన్ని ముట్టుకోలేదు. ఎవరో పిలిచినట్టు, అన్నీ కలిసి కుర్చీ వైపుకి తిరిగాయి. ఆవిడ వేలు కదిపింది. ఒక్కటీ తిరిగి చూడలేదు. అవి ఎవరి మాటో వింటున్నట్టు కదలకుండా నిలబడ్డాయి.

"ఇదేంటి?" ఆవిడ గొంతు తగ్గిపోయింది.

"ఈ వేళకి అత్త అక్కడ కూర్చునేదండీ."

"ఆవిడ పోయి ఏడాది కావస్తోందన్నారు."

"అవును. వీటికి ఎవరు చెప్తారు?"

ఆ రోజే అతను అత్త గురించి చెప్పాడు. అమ్మానాన్న చిన్నప్పుడే పోతే మేనత్త పెళ్ళి కూడా మానుకుని పెంచిందట. చొక్కా రంగు ఆవిడ ఇష్టం. చదువు ఆవిడ ఇష్టం. షాపులో పెట్టే ప్రతి ఫ్రేమూ ముందు ఆవిడ పెట్టుకుని చూడాల్సిందే. ఏ పని మొదలుపెట్టాలన్నా ఆ కుర్చీలో కూర్చుని, చేపల్ని చూస్తూ ఆలోచించి చెప్పేది. ఆవిడ పోయాక షాపుకి కొత్త ఫ్రేము ఒక్కటి కూడా తేలేదతను.

"ఏదో ఒకటి ఎంచుకోవచ్చుగా?"

"చెయ్యి పెడతాను. వెనక నుంచి 'అదా?' అన్నట్టుంటుంది. తీసేస్తాను." నవ్వాడు. "కానీ మీ విషయంలో మాత్రం అత్త అడ్డు చెప్పలేదు."

"నా విషయంలోనా? ఏ విషయంలో?"

"అదే... నత్తల విషయంలో," అని మాట దాటేశాడు. చెవులు మాత్రం ఎర్రగా అయిపోయాయి.

ఆ రాత్రి డాక్టరమ్మ గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళింది.

* * *

నేల మీదికి దింపింది రిసెప్షనిస్టు.

"మేడమ్, కోప్పడనంటే ఒక మాట. చేపలు మీకు మొహం చూపించాయటగా?" అంది టోకెన్లు సర్దుతూ.

"నీకెవరు చెప్పారు?"

"వీధంతా చెప్పుకుంటున్నారు. నన్ను కూడా చూపించారు మేడమ్ ఆ చేపలకి."

డాక్టరమ్మ తెల్లమొహం వేసింది. రిసెప్షనిస్టు నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. "పెళ్ళికి ముందు మాట లెండి. మా పెద్దమ్మకి వాళ్ళ అత్త స్నేహితురాలు. టీకి రమ్మన్నారు. వెళ్ళాను. తొట్టి ముందు కూర్చోబెట్టారు. బిస్కట్లన్నీ అయిపోయాయి, తోక ముక్క కూడా కనపడలేదు. ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే 'టీ తాగి వెళ్ళమ్మా' అంది. అంతే! నా తర్వాత ఇంకా చాలామంది తాగి వెళ్ళారు. నా చేపలు ఎవరికి మొహం చూపిస్తే ఆ పిల్లే మా ఇంటి కోడలు అని ఆవిడ పంతం. అబ్బాయి నోరెత్తితేగా!"

అత్త అడ్డు చెప్పలేదంటే ఇదా అర్థం? అతను చూసింది తననా, తనని చూసిన చేపలనా?

"పాపం, వాళ్ళ అత్త మనిషి మంచిదే మేడమ్," రిసెప్షనిస్టు ఆగలేదు. "పళ్ళ డాక్టరంటేనే హడలు. పుచ్చిపన్ను పెట్టుకుని, ఏళ్ళ తరబడి లవంగ నూనె దూదే. వేళ్ళన్నీ అదే వాసన. ఆ వేళ్ళతోనే నత్తలు వేసేది. ఆవిడ పక్కన కూర్చుంటే అచ్చం మన క్లినిక్‌లో కూర్చున్నట్టుండేది."

డాక్టరమ్మ తన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు. రోజూ అందులోనే మునిగి తేలడం వల్ల, చదువుకునే రోజుల్లోనే ఆవిడ ముక్కుకి లవంగం తెలియడం మానేసింది.

"నా దగ్గర వస్తుందా ఆ వాసన?"

"మీ దగ్గరా? మీరు మెట్లెక్కుతుంటేనే తెలుస్తుంది మేడమ్, డాక్టరమ్మ వస్తోందని!"

అంతా అర్థమైంది. చేపలు మెచ్చింది ఆవిడని కాదు. నీళ్ళలోకి దిగిన వేలిని. ఆ వేలికి అత్త వాసన ఉంది. అంతకు మించి ఏ మహత్తూ లేదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అతను పెళ్ళి అడుగుతాడు. ఈవిడ సరే అంటుంది. జీవితాంతం చేతికి లవంగ నూనె రాసుకుని చేపల ముందుకి వెళుతుంది. వాసన తగ్గిన రోజున? ఆ రోజు అతను కూడా దాక్కుంటాడా? ఆ ఆలోచనకి ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. చెపితే అతను పోతాడేమో, చెప్పకపోతే అతను తనవాడేనని ఎన్నటికీ నమ్మలేదు. ఎటు చూసినా నష్టం తనకే.

ఆ వారం కరెంటు పనుల కోసం క్లినిక్ మూశారు. డాక్టరమ్మ ఇల్లు కదల్లేదు. వేళ్ళు నిమ్మకాయతో తోమింది, సబ్బుతో తోమింది, చర్మం ముడతలు పడేదాకా కడిగింది. అతని నుంచి మెసేజ్ వచ్చింది. "ఆదివారం మధ్యాహ్నం రండి. ఒక మాట అడగాలి."

* * *

ఆదివారం మబ్బు పట్టింది. ఎప్పుడూ క్లినిక్ ముఖం చూడని కొత్త చీర కట్టుకుని వెళ్ళింది. అతను ఇస్త్రీ చొక్కాలో, తలుపు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. చీర చూసి ఒక క్షణం మాట మరిచిపోయాడు.

"ముందు చేపలు," అంది డాక్టరమ్మ.

తొట్టి ముందు నిలబడి నీళ్ళలో వేలు పెట్టింది. మొక్కలు కదల్లేదు. బఠాణి రాలేదు. ఒక్కటీ రాలేదు. ఒకచోట ఆకు చాటున ఓ కన్ను మెరిసి, గభాలున వెనక్కి తగ్గింది.

"ఇదేంటి? నిద్రపోతున్నాయేమో. ఇంకాసేపు ఉంచండి," అన్నాడతను. మొహంలో కంగారు.

"నిద్ర కాదు. నేనెవరో వాటికి తెలియదు." ఆవిడ తిరిగి అతని కళ్ళలోకి చూసింది. "ఎప్పుడూ తెలియదు. మీ అత్తగారి చేతికీ నా చేతికీ ఒకటే వాసన, లవంగ నూనె. ఇవాళ అది కడిగేసుకుని వచ్చాను. అంతే తేడా. మీ అత్తగారు నన్ను ఒప్పుకోలేదు. వాటి మాట విని నన్ను అడగాలనుకుంటే, ఇప్పుడు మానేయొచ్చు. టీ కూడా అక్కర్లేదు, వెళ్ళిపోతాను."

ఆకుపచ్చ వెలుతురులో అతని మొహం ఎవరిదో అన్నట్టుంది. బయట వాన మొదలైంది. ఆవిడ బ్యాగు భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్ళింది.

"క్లినిక్‌లో..." అన్నాడతను వెనక నుంచి. "క్లినిక్‌లో నన్ను తిట్టారే, బోర్డు చూడలేదా అని. అప్పుడే నచ్చారు. బఠాణి అప్పటికి మత్తులోకి కూడా వెళ్ళలేదు. ఆ మర్నాడు మీరు ఈ గదిలోకి అడుగుపెట్టేటప్పుడు, బయటికి రండర్రా, ఈ ఒక్కసారికి రండర్రా అని లోపల వాటికి మొక్కుకుంటూనే ఉన్నాను. వాటి మాట విని మిమ్మల్ని ఇష్టపడలేదు. ఇష్టపడ్డాకే, వాటికి భయపడ్డాను."

ఆవిడ వెనక్కి తిరిగింది.

గదిలో ఏదో వాసన. ముందు ఆవిడకి అదేమిటో తెలియలేదు. ఎప్పుడో చిన్నప్పుడు తెలిసిన వాసన. ఘాటుగా, వెచ్చగా, ముక్కుపుటాల్లోకి పాకుతోంది. లవంగం! ఏళ్ళుగా తన ముక్కుకి తెలియని లవంగం. తన వేళ్ళు చూసుకుంది. వాటి దగ్గర లేదు. అతని దగ్గరా లేదు. అది కుర్చీ వైపు నుంచి వస్తోంది.

"నీకు... నీకు తెలుస్తోందా?" అంది. మీరు కాస్తా నువ్వు అయిందని ఆవిడ గమనించలేదు.

"అప్పుడప్పుడు వస్తుంది," అన్నాడతను. పెదాలు పాలిపోయాయి. "నాకొక్కడికే అనుకునేవాణ్ణి."

పేము కిర్రుమంది. మొక్కల్లోంచి చేపలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఈ ఇద్దరి వైపు కన్నెత్తి చూడలేదు. కుర్చీ వైపు మూలలో, గుల్లల మీద బారులు తీరాయి. డాక్టరమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తుకుని మెట్లు దిగాలనిపించింది. చెయ్యి వెతుక్కుంటే అతని చెయ్యి దొరికింది.

ఆ చెయ్యి ఆవిడని లాక్కుని తిన్నగా కుర్చీ ముందుకి తీసుకెళ్ళింది.

"అత్తా," అన్నాడతను. "నువ్వు చెప్పిన చదువే చదివాను. నువ్వు తెచ్చిన చొక్కాలే వేసుకున్నాను. ఈసారి నిన్ను అడగడం లేదు. చెబుతున్నాను. ఈ అమ్మాయి ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటాను. నీ చేపలు మొహం చూపించినా సరే, చూపించకపోయినా సరే. నువ్వు ఇక్కడే ఉంటావో, వెళతావో నీ ఇష్టం. మేము మాత్రం ఉంటాం."

గదిలో వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఫిల్టరు కూడా ఆగినట్టయింది.

బఠాణి ముందుకి వచ్చింది. వచ్చి, చూస్తుండగానే ఉబ్బడం మొదలుపెట్టింది. పొట్ట, బుగ్గలు, ఒళ్ళంతా గాలిబుడగలా ఉబ్బి, కళ్ళు రెండూ బయటికి పొడుచుకువచ్చి, గుండ్రటి బంతిలా తయారైంది. కోపం వచ్చినా, భయం వేసినా ఈ జాతి చేపలు చేసే పని అదే. కానీ ఆ చిన్న ఒంట్లో అంత కోపం ఎవరిదో ఇద్దరికీ తెలుసు. డాక్టరమ్మ అతని భుజం వెనక్కి జరిగింది. అతను జరగలేదు. తల దించలేదు కూడా.

చాలాసేపటికి బఠాణి నోటి నుంచి ఓ బుడగ పైకి తేలింది. ఉబ్బిన పొట్ట కొద్దికొద్దిగా తగ్గింది. మళ్ళీ గోరంత అయిపోయి, వరసలోంచి పక్కకి జరిగి, నెమ్మదిగా ఈదుకుంటూ వచ్చి, డాక్టరమ్మకి ఎదురుగా నిలబడింది. వేలు నీళ్ళలో లేదు. ఆవిడ చేతికి ఏ వాసనా లేదు.

లవంగం ఘాటు తగ్గిపోతోంది. తెర కింద నుంచి తడి మట్టి గాలి లోపలికి వచ్చింది.

డాక్టరమ్మకి కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. "ఒప్పుకున్నట్టేనా?" అంది గుసగుసగా.

అతను చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "లేదు. అత్త అలిగింది. నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదుగా, కొత్త. మెల్లగా సర్దుకుంటుంది." ఆవిడ వైపు తిరిగాడు. చెయ్యి ఇంకా వదల్లేదు. "మరి నువ్వు?"

"నేనా? ఒక షరతు."

"బోర్డు సంగతి ఎత్తను. ఒట్టు!"

"అది కాదు. రేపు షాపుకి కొత్త ఫ్రేములు తీసుకురా. నీకు నచ్చినవి. వాటిలో నా మొహానికి ఏది బాగుంటుందో నువ్వే చూసి చెప్పాలి. ఎవర్నీ అడక్కుండా."

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. ఆలోచించలేదు, వెనక్కి తిరిగి చూడలేదు.

"గుండ్రటివి. నల్లవి," అన్నాడు.

"దరిద్రంగా ఉంటాయి," అంది డాక్టరమ్మ. "అవే తీసుకురా."